అప్పలస్వామి చేతికి తగలని మనిషి

ఖరగ్‌పూర్ రైల్వే నీటి విభాగంలో నేను టైమ్‌కీపర్‌గా చేరేనాటికి అప్పలస్వామికి నలభై ఏళ్లు. 1958 సంగతి. హాజరుపట్టీలో ఆయన పేరు పక్కన ఖలాసీ అని ఉండేది. ఆ పట్టీలో ఖలాసీలు ఇరవై ఆరుగురు. వాళ్లలో నీళ్ల కింద పనిచేసేవాడు ఆయనొక్కడే.

లోకో షెడ్డుకు అవతల ఒక జలాశయం ఉండేది. కాగితాల్లో రిజర్వాయరు, మనవాళ్ల నోట్లో తలాబు. షెడ్డులోని ఇంజన్లన్నీ తాగేది ఆ నీళ్లే. పంపుహౌసు నుంచి ఒక లావుపాటి గొట్టం తలాబులోకి దిగి, అడుగుకు మూరెడు ఎత్తున ఆగేది. దాని మూతికి ఇనుప జల్లెడ. నాచు, తామరకాడలు, బట్టలుతికేవాళ్లు వదిలేసిన గుడ్డపీలికలు వచ్చి దానికి అతుక్కునేవి. జల్లెడ మూసుకుంటే పంపు నీళ్లు లాగదు. పంపు లాగకపోతే ఇంజన్లు కదలవు. అప్పుడు పైనుంచి ఫోన్లు మొదలయ్యేవి, అప్పలస్వామి లుంగీ విప్పి గోచీ బిగించేవాడు.

తలాబు చూడ్డానికి పెద్దదే గాని లోతు తక్కువ. వానల్లో నిండినప్పుడు గొట్టం దగ్గర పద్నాలుగు అడుగులు. మిగతా చోట్ల ఎనిమిది, తొమ్మిది. అడుగున మాత్రం మోచేతి లోతు బురద. మనిషి దిగి చెయ్యి కదిపితే చాలు, ఆ బురద లేచి కళ్ల ముందు గోడ కట్టేది. ఆపైన చేసే పనంతా తడుముకుంటూ చేసేదే.

ఆయన భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టాడు. యుద్ధం రోజుల్లో మేనమామ వెంట ఖరగ్‌పూర్ వచ్చి బొగ్గు మోశాడు. ఒకసారి పంపుహౌసులో ఎవరిదో పెద్ద స్పానరు తలాబులో పడితే, దిగి తెచ్చిచ్చాడు. అదే పొరపాటు అనేవాడు. ఆ మర్నాటి నుంచి ఆయన్ని నీళ్లలోనే ఉంచారు.

అప్పట్లో గాలి బిగబట్టి మునిగేవాడు. ఒక్కో మునకా నిమిషం పైన. అందినంత నాచు పీకడం, పైకి రావడం, గొట్టం పట్టుకుని రొప్పడం, మళ్లీ మునగడం. జల్లెడ ఒకసారి పూర్తిగా తెరుచుకోవాలంటే నలభై యాభై మునకలు. మధ్యాహ్నానికి కళ్లు నెత్తురు ముద్దల్లా అయ్యేవి. భార్య సింహాచలమ్మ క్యారేజీ తెచ్చిపెడితే, తినే ఓపిక లేక పంపుహౌసు గోడకు చేరబడి కూర్చునే నిద్రపోయేవాడు. ఆవిడ లేపేది కాదు. ఈగలు వాలకుండా క్యారేజీ మీద కొంగు కప్పి పక్కనే కూర్చునేది.

"కింద ఎలా ఉంటుంది?" అని కొత్తలో ఒకసారి అడిగాను.

"ఏటుంటాది బాబూ. సీకటి, నాసు, పని" అన్నాడు.

మా ఫోర్‌మన్ ఆర్థర్ దొర ఆంగ్లో ఇండియన్. మనిషి మాట పెళుసు గాని, కింద పనిచేసేవాళ్లను చూసి జాలిపడే గుణం ఉంది. ఆయన రెండేళ్లపాటు పైకి ఉత్తరాలు రాసి, 1963లో ఒక ఆక్వాలంగ్ తెప్పించాడు. వీపుకు కట్టుకునే ఇనుప సిలిండరు, దాన్నుంచి నోటికి వచ్చే రబ్బరు గొట్టాలు, మొహానికి అద్దం. సిలిండర్లు రెండు. ఎలా వాడాలో నేర్పడానికి కలకత్తా రేవు నుంచి ఒక మనిషి వచ్చి పది రోజులున్నాడు. నడుముకు కట్టుకునే సీసపు బిళ్లల పట్టీ మాత్రం మన వర్క్‌షాపులోనే పోతపోశారు. ఒడ్డున తాడు పట్టుకోవడానికి దావీదు అనే ఖలాసీని వేశారు. దావీదుకు ఈత రాదు. తాడు ఒకసారి లాగితే బాగున్నాను, నాలుగుసార్లు లాగితే పైకి తియ్యి. అంతవరకే అతను నేర్చుకున్నాడు, అది మాత్రం బాగా నేర్చుకున్నాడు.

మొదటిరోజు ఒడ్డు నిండా జనం. బట్టలుతికే ఆడవాళ్లు కూడా పని ఆపేశారు. ఈమాత్రం లోతు నీళ్లకు ఇంత వేషమా అని నవ్వుకున్నారు. అప్పలస్వామి ఎవరివైపూ చూడలేదు. కలకత్తా మనిషి చెప్పినట్టు గొట్టం పళ్ల మధ్య పట్టుకుని, మెట్ల మీదుగా నడుచుకుంటూ మునిగిపోయాడు. ఐదు నిమిషాలైంది. పదైంది. నీటి మీద బుడగలు వస్తూనే ఉన్నాయి. దావీదు తాడు వదలకుండా ఆ బుడగలే చూస్తున్నాడు. అరగంట దాటాక అప్పలస్వామి అదే మెట్ల మీదుగా నడిచి పైకొచ్చి, సిలిండరు దింపించుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఇన్నాళ్లూ పని సగంలో ఉండగా పైకి రావాల్సొచ్చీది బాబూ. ఇయ్యాల పని అయిపోనాక వొచ్చినాను" అన్నాడు. ఆ ఒక్కరోజే ఆయన మొహంలో కాస్త సంతోషం చూశాను.

అది ఎక్కువకాలం నిలవలేదు. గాలి బిగబట్టి మునిగేవాణ్ణి రోజుకు రెండు గంటలకు మించి ఎవరూ అడగలేదు. ఇప్పుడు సిలిండరులో గాలి ఉన్నంతసేపూ కింద ఉండవచ్చని అందరికీ తెలిసింది. జల్లెడతో పాటు గొట్టం అతుకులు చూడమన్నారు, రాతికట్టు పగుళ్లు పూడ్చమన్నారు, ఎప్పుడో పడిపోయిన గొలుసులు వెతకమన్నారు. సిలిండర్లు రెండూ ఖాళీ అయితే ప్యాసింజరు రైలు బ్రేకువ్యానులో కలకత్తా పంపి నింపించేవాళ్లు. అవి తిరిగొచ్చే ఆ మూడు నాలుగు రోజులే ఆయనకు విశ్రాంతి.

వాటికంటే బరువైన పని ఇంకొకటి వచ్చి పడింది. తలాబులో ఎవరైనా మునిగిపోతే పోలీసులు ఆయన్ని పిలిచేవాళ్లు. చుట్టుపక్కల చెరువుల్లో పడినవాళ్లకు కూడా. రెండేళ్లలో నలుగురి శవాలు పైకి తెచ్చాడు. సుభాష్‌పల్లి నుంచి వచ్చిన ఒక బెంగాలీ ముసలాయన, కొడుకును తెచ్చిచ్చినందుకు అప్పలస్వామి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడట. ఆ రోజు అప్పలస్వామి తిన్నగా ఇంటికి వెళ్లలేదు. పంపుహౌసు వెనక కుళాయి కింద చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత చేపల కూర ముట్టడం మానేశాడు. జాలరి ఇంట్లో పుట్టిన మనిషి.

"ఈ పని నాకొద్దని సెప్పెయ్యి మావా" అనేది సింహాచలమ్మ.

"ఎవుళికి సెప్పమంటావు? నేను దిగకపోతే కొక్కేలేసి లాగుతారు. అలా లాగితే మనిషి మనిషిలాగ రాడు" అనేవాడు.

1965 ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారి, తలాబు మెట్ల మీద ఒక మగమనిషి బట్టలు కనిపించాయి. నీలం డ్యూటీ చొక్కా, నిక్కరు మడతపెట్టి, పైన చెప్పులు. చొక్కా జేబులో వర్క్‌షాపు టోకెను బిళ్ల. అది నూకరాజుది. నూకరాజు వర్క్‌షాపులో ఫిట్టరు. ఝపటాపూర్‌లో అద్దెకుండేవాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ గొడవలు లేనివాడు. భార్య దాలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారం సాయంత్రం బజారుకని వెళ్లినవాడు తిరిగి రాలేదు.

పోలీసులు వచ్చి అప్పలస్వామిని దిగమన్నారు. దాలమ్మను తీసుకొచ్చి రాతికట్టు మీద కూర్చోబెట్టారు. చెరో పక్కా ఇద్దరు పిల్లలు. ఆవిడ ఏడవలేదు. కొంగు తలమీదుగా లాక్కుని నీళ్లవైపే చూస్తూ కూర్చుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లే ఏడ్చారు.

అప్పలస్వామి వెతికే పద్ధతి ఇది. ఒక పొడవాటి తాడుకు రెండు చివరలా బరువులు కట్టి తలాబు అడుగున ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పరుస్తాడు. ఎడమచెయ్యి తాడు మీద, కుడిచెయ్యి బురదలో. అలా పాకుతూ చివరిదాకా వెళ్లి, తాడును రెండు బారల దూరం జరిపి, మళ్లీ వెనక్కి పాకుతాడు. కళ్లు మూసుకునే ఉండేవాడు. తెరిచినా ఒకటేనట. ఇలాంటి వరసలు తలాబు మొత్తానికి ముప్ఫై నాలుగు వచ్చాయి. నేను ఒడ్డున కూర్చుని ఒక్కో వరసా లెక్కపెట్టాను.

మొదటిరోజు పన్నెండు వరసలయ్యాయి. చేతికి రాళ్లు తగిలాయి, పగిలిన కుండలు తగిలాయి, చచ్చిన దూడ ఒకటి తగిలింది. మనిషి తగల్లేదు. రెండోరోజు రెండో సిలిండరు కట్టుకుని ఇంకో పదమూడు వరసలు. మాఘమాసపు నీళ్లు. బయటికొచ్చేసరికి ఆయన పెదవులు నల్లబడి దవడలు కొట్టుకుంటున్నాయి. దావీదు గోనెసంచీ కప్పి నిప్పుల కుంపటి దగ్గర కూర్చోబెట్టాడు. సాయంత్రానికి జలుబు పట్టుకుంది.

మూడోరోజు ఉదయం ఆర్థర్ దొర వచ్చి చూశాడు. జలుబు చేసినవాడు నీళ్లలో దిగకూడదన్నది కలకత్తా మనిషి నేర్పిన మొదటి పాఠం. ముక్కు మూసుకుపోతే చెవుల మీద నీటి బరువు పడుతుంది.

"బస్ కరో స్వామీ. రెండు రోజులు ఆగు. తేలితే తేలుతుంది" అన్నాడు దొర.

అప్పలస్వామి రాతికట్టు వైపు చూశాడు. దాలమ్మ అక్కడే ఉంది. చిన్నపిల్ల ఆవిడ ఒడిలో పడుకుని నిద్రపోతోంది. పెద్దదానికి ఎవరో బన్ను ఇస్తే తినకుండా చేతిలో పట్టుకుని ఉంది.

"ఇంకా తొమ్మిది వరసలున్నాయి సాబ్. సిలిండర్లో కొద్దిగా గాలున్నాది" అన్నాడు. దావీదు సిలిండరు ఎత్తి వీపుకు కట్టాడు.

ఏడు వరసలు పూర్తిచేశాడు. ఏడోది గొట్టం పక్కన, లోతున్న చోట. అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పాడు. దిగుతుంటే ఎడమచెవిలో మేకు దిగగొట్టినట్టు నొప్పి పెట్టిందట. ముక్కు నొక్కిపట్టి గాలి ఊదినా తెరుచుకోలేదు. ఓర్చుకుని వరస చివరిదాకా పాకాడు. చివర్లో చెవిలో ఏదో టప్పుమంది. చల్లటి నీళ్లు తలలోకి వచ్చేసినట్టయింది. ఆ తర్వాత పైనేదో కిందేదో తెలియలేదు. తలాబంతా గిర్రున తిరిగింది. పన్నెండు అడుగులు లేస్తే గాలి, కాని ఆ పన్నెండు అడుగులు ఎటువైపో తెలియలేదు. నడుముకు కట్టిన తాడు చేతికి అందితే పిచ్చిగా లాగాడు. ఎన్నిసార్లు లాగాడో లెక్కలేదు. ఆ లాగుడు దావీదుకు తెలిసిన ఏ లెక్కలోనూ లేదు. అందుకే అతను ఆలోచించకుండా లాగేశాడు.

పైకి వచ్చేసరికి ఎడమచెవి నుంచి మెడదాకా నెత్తురు. మెట్ల మీద వాంతి చేసుకున్నాడు. నిలబెడితే ఒక పక్కకు ఒరిగిపోయాడు. అంతలోనూ నా చొక్కా పట్టుకుని, "రెండు వరసలు మిగిలినాయి బాబూ" అన్నాడు.

ఆ రెండూ ఒడ్డు దగ్గర, పీకల్లోతు నీళ్లలో. ఆయన్ని ఆసుపత్రికి పంపి, దావీదూ నేనూ చేతులు పట్టుకుని దిగి, పాదాలతో తడుముతూ నడిచాం. ఈత రాని మనిషి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో నాకింకా గుర్తు. మాకూ ఏమీ తగల్లేదు.

చెవి గూబ చిరిగిందనీ, ఇక ఈ జన్మలో నీళ్లలో మునగవద్దనీ డాక్టరు చెప్పాడు. ఎడమచెవి మళ్లీ సరిగ్గా వినపడలేదు. ఎనిమిది రోజుల తర్వాత గోడ పట్టుకుని నడవగలిగాడు. అప్పుడు ఆర్థర్ దొర, నేను చూడ్డానికి వెళ్లాం.

"ఆడు తలాబులో లేడు సాబ్" అన్నాడు అప్పలస్వామి.

"బురదలో కూరుకుపోయి ఉండొచ్చు కదా" అన్నాడు దొర.

"కూరుకుపోతే నా సేతికి తగుల్తాడు. జానెడు జానెడు సూసినాను. లేడు."

ఆ మాట ఊళ్లో ఎవరికీ నచ్చలేదు. బట్టలు మెట్ల మీద ఉండగా మనిషి నీళ్లలో లేకుండా ఎక్కడికి పోతాడన్నారు. వయసైపోయి చేతికి తగిలింది గుర్తుపట్టలేదన్నారు. మూడోరోజు తల తిరిగినవాడి మాట ఏం లెక్క అన్నారు. దినాలు జరిపించేశారు. పదో రోజున దాలమ్మ గాజులు తీసేశారు. అప్పలస్వామి ఎవరితోనూ వాదించలేదు. ఎవరైనా అడిగితే మాత్రం, లేడు అనే చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా చేతుల్తో చూసిన చోటు. దాని గురించి ఆయన మాట తప్పని ఇదివరకు ఎవరూ అనలేదు.

నెలా నెలన్నర తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ల క్వార్టర్లో ఉన్నాను. ఆయనకు సిక్ లీవు కాగితాలు నింపిపెడుతున్నాను. దాలమ్మ ఒక్కతే వచ్చింది. సింహాచలమ్మ చాప వేసింది. దాలమ్మ కూర్చోకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది.

భర్త పోయినవాళ్లకు ఇచ్చే ఉద్యోగం కోసం ఆవిడ అర్జీ పెట్టుకుంది. శవం దొరకలేదు కాబట్టి, నీళ్లలో వెతికిన మనిషి వాంగ్మూలం కావాలని ఆఫీసువాళ్లు అడిగారు. ఆ మాట చెప్పడానికి వచ్చింది.

"ఆఫీసోళ్లు నిన్నడుగుతారు అన్నయ్యా. బురదలో దిగబడిపోయుండొచ్చు అని ఒక్కమాట సెప్పు. పిల్లలున్నారు."

"లేనోణ్ణి ఉన్నాడని ఎలా సెప్పీదమ్మా?" అన్నాడు అప్పలస్వామి. "నువ్వు కూడా ఆలోసించు. నా సేతికి తగల్లేదంటే ఆడు ఎక్కడో బతికున్నట్టే గదా. అది నీకు మంచిమాటే గదా."

దాలమ్మ తల వంచుకుంది. "నాకు తెలుసన్నయ్యా" అంది.



"సోమవారం పొద్దున్నే గూట్లో సూసినాను. గడ్డం గీసుకునే కత్తి లేదు, సబ్బుడబ్బా లేదు. మంచి పంచె ఒకటుంటాది, అదీ లేదు. సచ్చిపోడానికెళ్లినోడికి గడ్డం కత్తెందుకు?"

సింహాచలమ్మ అంతదాకా పొయ్యి దగ్గర ఉంది. లేచి వచ్చింది.

"తెలిసీ మూడు రోజులు ఆ గట్టుమీద కూకున్నావా? ఈయన సన్నీళ్లలో పాకుతుంటే సూస్తా కూకున్నావా? ఈ సెవి పోయింది దేనికి మరి?"

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా ఆ మాటలు వినలేక నేను కాగితాల వైపు తిరిగాను.

"మొదటిరోజు పోలీసోళ్లే తీసుకెళ్లి కూకోబెట్టినారు వదినా. అందరూ నన్ను సూసి ఏడుస్తన్నారు. నా మొగుడు సావలేదు, నన్నొదిలేసి ఎల్పోనాడు అని ఆ గుంపులో ఎలా సెప్పను? మర్నాడు సెప్దామనుకున్నాను. అప్పటికి సగం తలాబు ఎతికేసినారు. అప్పుడు సెప్పడం ఇంకా కష్టమైపోనాది. మూడోరోజు అన్నయ్య సెవి నుంచి నెత్తురొచ్చినప్పుడు లేసి నిలబడినాను. నోరు రాలేదు."

"ఎందుకెల్పోనాడు?" అని అడిగింది సింహాచలమ్మ.

"తెల్దు. ఆ ముందురోజు కూడా పెద్దదానికి లెక్కలు సెప్పినాడు."

అప్పలస్వామి గోడకు చేరబడ్డాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బాగా అలిసిపోయిన మనిషిలాగా కనిపించాడు, అంతే.

"పిల్లలకి తెలుసా?"

"లేదు."

"సెప్పకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కాయితం తియ్యండి బాబూ" అన్నాడు.

ఆయన తెలుగులో చెప్పాడు, నేను ఇంగ్లీషులో రాశాను. తలాబు అడుగున మోచేతి లోతు బురద ఉంది. కొన్నిచోట్ల భుజందాకా చెయ్యి దిగుతుంది. అలాంటి చోట మనిషి దిగబడితే చేతికి దొరక్కపోవచ్చు. మూడోరోజు నాకు ఒంట్లో బాగులేదు. నాకు శవం దొరకలేదు. ఒక్కో వాక్యం విడిగా తీసుకుంటే అబద్ధం కాదు. చెప్తున్నంతసేపూ ఆయన ఒక్కో మాటనూ చేత్తో తడిమినట్టు ఆగి ఆగి చెప్పాడు. చదివి వినిపించమన్నాడు. విని, తెలుగులో సంతకం పెట్టాడు.

"ఉన్నాడా లేడా అని ఎక్కడా రాయలేదు గదా?" అని అడిగాడు.

రాయలేదన్నాను.

"వాళ్లు అలాగే సదువుకుంటారులెండి" అన్నాడు.

దాలమ్మకు స్టోర్సులో ఉద్యోగం వచ్చింది. అప్పలస్వామిని పంపుహౌసు లోపల కూర్చోబెట్టారు. మీటరు చూసి గంటకోసారి పలకమీద అంకె రాయడం ఆయన పని. ఊళ్లో మాత్రం ఆయన మాటే తప్పైందని స్థిరపడిపోయింది. ఎన్నాళ్లయినా తలాబు గురించి ఎవరైనా మాట్లాడుకుంటూ, చేతికి తగిలినా తెలుసుకోలేకపోయాడు పాపం అనేవాళ్లు. ఆయన వినపడనట్టే ఊరుకునేవాడు. నిజంగా వినపడలేదో, వినిపించుకోలేదో నాకెప్పుడూ తెలియలేదు.

ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ వానలు లేవు. 1967 మే నెలకు తలాబు ఎండిపోయింది. గొట్టం మూతి చుట్టూ గుంటలో కాసిని నీళ్లు మిగిలాయి, తక్కిందంతా పగుళ్లిచ్చిన నల్లమట్టి. షెడ్డుకు నీళ్లు ట్యాంకు వ్యాగన్లలో తెచ్చారు. పూడిక తీయడానికి రెండొందల మంది కూలీలు దిగి, పదిహేను రోజులపాటు భుజంలోతు మట్టి తవ్వి గట్టుకు పోశారు. గొలుసులు దొరికాయి, బిందెలు దొరికాయి, తుప్పుపట్టిన సైకిలు ఒకటి దొరికింది. ఎముక ముక్క దొరకలేదు.

ఆ పదిహేను రోజులూ అప్పలస్వామి సరిగా నిద్రపోలేదని సింహాచలమ్మ చెప్పింది. ఎవరైనా వచ్చి, నూకరాజు ఏడి, ఈ సంతకం నీదేనా అని అడుగుతారని ఆయన భయం. ఆ ఉద్యోగం పోతే ఆ పిల్లల గతేమిటని. దాలమ్మ కూడా ఒకరోజు డ్యూటీ మధ్యలో వచ్చి గట్టుమీద నిలబడి చూసి వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఊరికి అప్పటికి వేరే బాధలున్నాయి. బియ్యం లేవు, తాగే నీళ్లు లేవు.

ఆర్థర్ దొర ఒక్కడే చివరిరోజు పంపుహౌసు మెట్ల మీద అప్పలస్వామి పక్కన నిలబడి సిగరెట్టు వెలిగించుకున్నాడు.

"అంతా తవ్వారు స్వామీ. కుఛ్ నహీ మిలా" అన్నాడు.

"ఏటీ దొరకలేదు సాబ్."

దొర సిగరెట్టు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. "నువ్వు మొదటే చెప్పావు" అన్నాడు. అని వెళ్లిపోయాడు. ఆ సంగతి ఆయన ఇంకెక్కడా ఎత్తలేదు. మరుసటి ఏడాది రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

తలాబు మళ్లీ నిండింది గాని, దానితో పని తగ్గుతూ వచ్చింది. డీజిల్ ఇంజన్లు దిగాయి, వాటికి అన్ని నీళ్లక్కర్లేదు. ఆక్వాలంగ్ రబ్బరు గొట్టాలు బీటలు వారిపోయాయి. కొత్త మనిషికి నేర్పుదామని ఎవరూ అనలేదు.

1973 చలికాలంలో అప్పలస్వామి ఇంటికి వెళ్లాను. రెండు వారాలుగా ఒంట్లో బాగులేక డ్యూటీకి రావడం లేదు. మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యుంటుంది. దాలమ్మ అరుగు మీద ఆయనకెదురుగా కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. నాకన్నీ తెలుసు కాబట్టి మాట ఆపలేదు.

నెల కిందట ఆవిడకు బిలాస్‌పూర్ నుంచి ఒక కార్డు వచ్చిందట. నూకరాజు అక్కడొక ధర్మాసుపత్రిలో ఉన్నాడనీ, చివరికొచ్చిందనీ ఎవరో హిందీలో రాశారు. పెద్దకూతురు చదివి వినిపించబోతే, ఎవరిదో పొరపాటున వచ్చింది అని లాక్కుందట. వేరేవాళ్లచేత చదివించుకుని, సొంత పని అని చెప్పి రైలు పాసు తీసుకుని, ఒక్కతే వెళ్లి వచ్చింది.

"గుర్తుపట్టినాడా?" అన్నాడు అప్పలస్వామి.

"పట్టినాడు. పిల్లలెలాగున్నారని అడిగినాడు. పెద్దది టైపు నేర్సుకుంటంది అని సెప్పినాను. తర్వాతేటీ అనలేదు."

"ఎందుకెల్పోనావని అడగలేదా?"

"అడగాలనే ఎల్లినానన్నయ్యా. దారి పొడుగునా అదే అనుకున్నాను. సూసినాక అడగబుద్దవలేదు. ఒళ్లంతా ఎముకలే. మూడు రోజులున్నాను. గంజి తాగించినాను, పక్క తుడిసినాను. నాలుగోరోజు పోనాడు. మోయడానికి అక్కడోళ్లే నలుగురొచ్చినారు. నువ్వెవరమ్మా అని అడిగితే సెల్లిన్ని అన్నాను."

సింహాచలమ్మ లోపలి నుంచి మంచినీళ్ల చెంబు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. దాలమ్మ తాగి, చెంబు కింద పెట్టింది.

"అప్పుడు పదిమందిలో ఏడుపు రాక, కొంగు తలమీంచి లాక్కున్నాను. ఇప్పుడేమో రైల్లో వొచ్చినంతసేపూ ఏడుపే. ఇంటికొచ్చినాక పిల్లల ముందు ఏడవడానికి లేదు. ఎవుళికోసమమ్మా అంటే ఏటి సెప్పను? నువ్వొక్కడివే ఉన్నావు సెప్పుకోడానికి. అందుకే వొచ్చినాను."

అప్పలస్వామి కుడిచెవి ఆవిడవైపు తిప్పి అలాగే కూర్చున్నాడు. ఆవిడ రెండింటికి డ్యూటీ ఉందని లేచింది. సింహాచలమ్మ వీధి మలుపుదాకా వెంట వెళ్లింది. అప్పలస్వామి అరుగు మీదే చాప పరుచుకుని పడుకున్నాడు. నేను ఆయన సెలవు చీటీ మీద సంతకం తీసుకుని ఇందా పేటకు వెళ్లే బస్సు ఎక్కాను.